ఫ్యూయెల్ సెల్ కారుకూ మినహాయింపు ఇవ్వాలి

సంపాదకులకు,

విద్యుత్ కారు అప్పు మీద లక్షన్నర పన్ను తగ్గుతుందని విజయవాడలో ఇంకా చాలామంది నమ్ముతున్నారు. తగ్గేది పన్ను కాదు, పన్ను లెక్కించే ఆదాయం. విద్యుత్ కారు అప్పు వడ్డీకి మినహాయింపు ఇచ్చే 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 80ఈఈబీ సెక్షన్ కింద ఏడాదికి రూ.60,000 వడ్డీ కట్టినవారికి, 20 శాతం శ్లాబులో సెస్సుతో కలిపి పన్నులో మిగిలేది రూ.12,480. అసలుకు మినహాయింపు లేదు, కొత్త పన్ను విధానంలో వడ్డీకీ లేదు. అప్పు 2019 ఏప్రిల్ 1 నుంచి 2023 మార్చి 31 లోపు మంజూరై ఉండాలి. ఇక్కడే పొరపాటు పడుతున్నారు: చూడాల్సింది ఇన్‌వాయిస్ తేదీ కాదు, శాంక్షన్ లెటర్ మీది తేదీ.

అంతకంటే బాధ కలిగించేది ఆ సెక్షన్‌లో విద్యుత్ వాహనానికి ఇచ్చిన నిర్వచనం. మోటారుకు శక్తి ట్రాక్షన్ బ్యాటరీ (బండిని నడిపే బ్యాటరీ) నుంచే అందాలట! హైడ్రోజన్ ఫ్యూయెల్ సెల్ కారునూ నడిపేది విద్యుత్ మోటారే, గొట్టంలోంచి వచ్చేది నీరే. కరెంటు బ్యాటరీ నుంచి కాక, హైడ్రోజన్‌తో ఫ్యూయెల్ సెల్‌లో పుడుతుంది కాబట్టి అనర్హమైపోయింది. జీఎస్టీ మాత్రం 2025 సెప్టెంబరు 22 నుంచి రెండింటికీ 5 శాతమే. జీఎస్టీలో లేని తేడా ఆదాయపు పన్నులో ఎందుకు? గడువు మళ్లీ తెరిచి, నిర్వచనంలో ఫ్యూయెల్ సెల్‌ను చేర్చాలని మన ఎంపీలు బడ్జెట్‌కు ముందే ఆర్థిక శాఖను అడగాలి.

– పన్ను సలహాదారులు, గవర్నర్‌పేట, విజయవాడ