తోక లేని మిగ్-21 మాకొద్దు: డబ్బు వాపసు కోరుతూ ఫిర్యాదు

ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: మీరు పంపిన రెండు యుద్ధ విమానాల కాన్వాస్ ప్రింట్లు వెనక్కి తీసుకుని రూ. 9,800 వాపసు ఇవ్వడం గురించి.

అయ్యా,

విజయవాడ గవర్నర్‌పేటలో నాకు ఫొటో ఫ్రేముల షాపు ఉంది. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కు వీడ్కోలు చెప్పినప్పటి నుంచి ఆ విమానం బొమ్మ కావాలని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. 1963లో అది మన వైమానిక దళంలో చేరింది కూడా చండీగఢ్‌లోనే. ఎయిర్‌ఫోర్స్‌లో రిటైరైన ఒక పెద్దాయనకు ఒకటి, షాపులో పెట్టడానికి ఇంకొకటి మీ దగ్గర ఆర్డర్ పెట్టాను. మిగ్-21 ముందు, తేజస్ వెనక ఎగురుతున్న బొమ్మ. "చేత్తో వేసిన పెయింటింగ్, ప్రతి రివెట్టూ నిజం, 200 ప్రింట్లు మాత్రమే" అని మీ సైటులో రాసి ఉంది.

ట్యూబు విప్పి కౌంటరు మీద పరిచాను. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని చూసి, "దీని తోక ఎవరు పీకారు బాబూ?" అన్నారు. సర్వీసులో ఆయన చూసిందంతా మిగ్-21ల బాడీ పనే. రెక్కల వెనక, మంట వచ్చే గొట్టానికి అటూ ఇటూ ఉండాల్సిన రెండు అడ్డ రెక్కలు మీ బొమ్మలో లేవు. ఆ గొట్టాలు కూడా రెండు వేశారు. మిగ్-21కు ఉండేది ఒక్క ఇంజనే. వెనకున్న తేజస్‌కేమో కాక్‌పిట్ పక్కన చిన్న రెక్కలు తగిలించారు. అవి రఫేల్‌కు ఉంటాయి, సుఖోయ్-30కు ఉంటాయి. తేజస్‌కు ముందూ ఉండవు, వెనకా ఉండవు, ఉన్నదల్లా త్రికోణం ఆకారంలో ఉండే పెద్ద డెల్టా రెక్కే.

వైమానిక దళం గుర్తులో బయట కాషాయం, మధ్యలో తెలుపు, లోపల ఆకుపచ్చ ఉంటాయి. మీరు తిరగేశారు. నిలువు తోక మీది నంబరు దగ్గర నుంచి చూస్తే అంకెలూ కావు, అక్షరాలూ కావు. సూర్యుడు ఎడమవైపు ఉంటే రెక్క మీద నీడ కూడా ఎడమవైపే పడింది. ఇది మనిషి చేత్తో వేసిన బొమ్మ అంటే నమ్మబుద్ధి కావడం లేదు. మూలనున్న సంతకంలో ఒక్క అక్షరం కూడా చదవడానికి లేదు.

అన్నిటికంటే మించింది ఇంకోటి ఉంది. రెండు ప్రింట్ల కిందా 37/200 అనే ఉంది. రెండు సర్టిఫికెట్లలోనూ అదే నంబరు.

ఫోన్ చేస్తే మీ కాల్ సెంటర్ అమ్మాయి "అది ఆర్టిస్ట్ స్వేచ్ఛ సార్" అంది. పాపం, ఆమెకు ఎవరో నేర్పిన మాటే అయ్యుంటుంది. ఆకాశం ఏ రంగులో వేసినా, మబ్బులు ఎన్ని పెట్టినా, సాయంత్రం ఎండ ఎంత ఎర్రగా పూసినా అది చిత్రకారుడి ఇష్టం. విమానం ఆకారం మాత్రం ఇష్టం వచ్చినట్టు వేసేది కాదు. ఈ రకం బొమ్మలు కొనేవాళ్లలో చాలామంది ఆ విమానాలు నడిపినవాళ్లు, రిపేరు చేసినవాళ్లు, లేదా 2024 మార్చిలో అద్దంకి దగ్గర హైవే మీది రన్‌వే పరీక్షకు సుఖోయ్‌లు వస్తాయంటే పనులు మానుకుని చూడ్డానికి పోయే పిచ్చి ఉన్నవాళ్లు. గోడ మీద బొమ్మను వాళ్లు ముక్కు నుంచి తోక దాకా చూస్తారు. కృష్ణుడికి నెమలి పింఛం బదులు కాకి ఈక పెట్టిన పటం ఎవరైనా పూజలో పెట్టుకుంటారా?

మీ మెయిల్‌లో "వాడిన సరుకు వాపసు తీసుకోము" అన్నారు. ఇంకా ఫ్రేము కూడా కట్టలేదు, ఇక వాడిందెక్కడ? చెప్పిన వివరాలకు సరిపోని సరుకును అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోవాల్సిందేనని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలనీ, నెలలోపు పరిష్కరించాలనీ అందులోనే ఉంది. నా మొదటి ఫిర్యాదుకు ఆ 48 గంటలు ఎప్పుడో దాటిపోయాయి. ఈసారి కూడా జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, ఆ తర్వాత ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. రెండు ప్రింట్ల ఫొటోలు, సర్టిఫికెట్లు, బిల్లు దీనితో జత చేశాను.

నాకు కావాల్సింది పూర్తి డబ్బు. ఇదే బొమ్మ ఇంకొకటి పంపుతామంటే వద్దు, కూపన్ కూడా వద్దు. ఈ బొమ్మ ఎవరు వేశారో రాతపూర్వకంగా చెప్పండి. చెప్పలేకపోతే "చేత్తో వేసిన", "200 మాత్రమే" అన్న మాటలు సైటులోంచి తీసేయండి. పెద్దాయన అడ్వాన్సు నా జేబులోంచే ఇచ్చేశాను.

ప్రింట్లు రెండూ మీ ట్యూబులోనే చుట్టి ఉంచాను. కొరియర్ మనిషిని షాపు టైములో పంపండి. మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా మూసి ఉంటుంది, ఆదివారం సెలవు.

ఇట్లు,
ఫ్రేముల షాపు యజమాని,
గవర్నర్‌పేట, విజయవాడ.