జేజి పాట

అమ్మకు,

నేను బాగుండాను. జలుబు ఎప్పుడో తగ్గింది, ఫోన్లో గొంతు విని నువ్వు ఊరికే కంగారు పడినావు. పని బాగానే సాగుతాంది. వారంలో మూడు రోజులు పిల్లలకు పాట చెప్తాండా, శని, ఆదివారాలు కచేరీలు. జనవరిలో హైదరాబాదులో రికార్డింగు ఉంది కాబట్టి సంక్రాంతికి బెంగుళూరులో దిగి నేరుగా కళ్యాణదుర్గం వచ్చేస్తా.

చెనిక్కాయ పీకేది అయిందా? ఈసారీ కదిరి-6 విత్తనమే వేసినారా? పోయిన వారం లండన్‌లో కాయలు దొరికితే వేయించి, ఎండుమిరపకాయలు, చింతపండు వేసి ఊరిబిండి చేసినా. రోలు లేదు కదా, మిక్సీలోనే. అయినా ఇల్లంతా మన వంటింటి వాసనే. ఆ పొద్దు రెండు రొట్టెలు ఎక్కువ తిన్నా.

అమ్మా, ఒక సంగతి అడగాల. జేజి కాయలు విడిపిస్తా పాడతాది చూడు, "కొండమీద మబ్బు లేదు, కొంగులోన గింజ లేదు" అని. దాన్నే పల్లవి చేసుకుని చరణాలు నేను రాసినా. తాళానికి చేటలో చెనిక్కాయలు పోసి చెరిగిన చప్పుడే పెట్టినాము. తెలుగు ఒక్క ముక్క రానోళ్లు కూడా అది వింటా కండ్లు మూసుకుని కూర్చుండిపోయినారు.

ఇప్పుడు దాన్ని ఇక్కడ పీఆర్ఎస్ అనే పాటలు రాసేవాళ్ల సంఘంలో నమోదు చేయాల. కచేరీలో పాడినా, రేడియోలో వేసినా వాళ్లు డబ్బు వసూలు చేసి రాసినోళ్లకు పంచుతారు. మన దగ్గర 1969 నుంచి ఉండే ఐపీఆర్ఎస్ మాదిరే. రాసింది ఎవరు, ఎవరికెంత వాటా అని అడుగుతారు. పల్లవి జానపదం అని పెట్టబోయినా, చెయ్యి ఆడలేదు. అది జేజికి వాళ్లమ్మ నేర్పిందా, కరువు ఏట తనే కట్టుకున్నిందా? తనే కట్టుకునుంటే జేజి పేరే పడాల. నిదానంగా అడుగు.

నాయన భయం నాకు తెలుసు. హైదరాబాదులో ఒకాయన హక్కులన్నీ రాసియ్యమని కాగితం పెట్టింది నిజమే. నేను సంతకం చేయలేదు. 2012లో చట్టం మారినాక పాట రాసినోళ్లకు వచ్చే రాయల్టీ వాటా అట్లా రాయించుకునేదానికి లేదు. ఏమీ తెలియని పిల్లను కానని నాయనకు చెప్పు. రెండు దేశాల నుంచీ కొంచెం కొంచెమే వచ్చినా, ఇంటి బాడుగ ఏ నెలా ఆపలేదు.

ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పినారు. నాకు పొద్దున ఏడయితే మీకు పన్నెండున్నర. జేజి అన్నం తిని అరుగు మీద కూర్చునే పొద్దు. అప్పుడే ఆదివారం ఫోన్ చేస్తా. పాడమంటే సిగ్గుపడతాది. ముందర చేట పెట్టి కాయలు పోసి, ఫోను పక్కన పెట్టు. నువ్వు మాత్రం మాట్లాడొద్దు.

నీ పాప