చలి ముదరకముందే ఒక్కసారి పిలిచి చూడండి: ఆరోగ్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను ఉబ్బసం ఉన్న తొమ్మిదేళ్ల పిల్లాడి తల్లిని. మందులు కావాలని అడగడానికి రాయడం లేదు. మా దగ్గర మందు ఉండి కూడా పిల్లాడికి అందలేదు. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

పోయిన చలికాలం ఒక రాత్రి మూడు గంటలకు మెలకువ వచ్చి చూస్తే వాడు మంచం మీద కూర్చుని ఉన్నాడు. చేతులు మోకాళ్లకు ఆనించి, భుజాలు పైకెత్తి గాలి లాగుతున్నాడు. ఛాతీలో పిల్లికూతలు. ఊపిరి తీసిన ప్రతిసారీ డొక్కలు లోపలికి పీక్కుపోతున్నాయి. "అమ్మా" అన్నాక కాసేపు ఆగి గాని "గాలి" అనలేకపోయాడు. నీలం ఇన్‌హేలర్ నోట్లో పెట్టి నొక్కాను. మళ్లీ నొక్కాను. పెదవుల పక్క నుంచి మందు తెల్లగా పొగలా బయటికి పోతోంది. రెండేళ్లుగా మేం అలాగే నొక్కుతున్నాం. దానిలో తప్పుందని మాకు తెలియదు.

ఆసుపత్రిలో నర్సమ్మ ఒక ప్లాస్టిక్ గొట్టం లాంటి స్పేసర్ తెచ్చి, దానికి మా ఇన్‌హేలరే తగిలించింది. బాగా ఊపి, ఒక్కసారి నొక్కి, "మెల్లగా ఐదారుసార్లు పీల్చు నాన్నా" అంది. తర్వాతే రెండో నొక్కు. ఇరవై నిమిషాలు ఆగి మళ్లీ. తెల్లారేసరికి వాడు వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు. అదే మందు సార్! "ఇది మీకెవరూ చూపించలేదా అమ్మా?" అని ఆవిడ అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. మాకు మొదట ఇన్‌హేలర్ రాసిచ్చిన చోట చీటీ ఇచ్చారు, వాడే పద్ధతి చూపించలేదు. బయట అంతమంది వరుసలో ఉంటే ఆ డాక్టరు గారికి మాత్రం తీరికెక్కడిది?

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. ఇన్‌హేలర్ వాడేవాళ్లలో పదికి ఏడెనిమిది మంది దాకా సరిగ్గా వాడలేకపోతున్నారని, ఉబ్బసం చికిత్సకు ప్రపంచవ్యాప్తంగా మార్గదర్శకాలు ఇచ్చే గ్లోబల్ ఇనీషియేటివ్ ఫర్ ఆస్తమా చెబుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో 26.2 కోట్ల మందికి ఉబ్బసం ఉంది, ఆ ఒక్క ఏడాదే 4.55 లక్షల మంది దానితో చనిపోయారు.

చలికాలంలో ఈ తప్పుకు మూల్యం ఎక్కువ. చల్లని పొడిగాలి శ్వాసనాళాల తడిని లాగేసి, వాటిని బిగుసుకుపోయేలా చేస్తుంది. ముక్కుతో పీలిస్తే గాలి కొంత వెచ్చబడి వెళ్తుంది. ముక్కు దిబ్బడేసిన పిల్లాడు నోటితోనే పీలుస్తాడు. దానికితోడు జలుబు వైరస్‌లు. పిల్లల్లో ఆయాసం ఒక్కసారిగా ముదరడానికి ఎక్కువసార్లు కారణం అవే. తలుపులన్నీ మూసుకున్న ఇంట్లో మంట పెడితే ఆ పొగ కూడా తోడవుతుంది. ఇన్‌హేలర్ డబ్బా చల్లబడిపోతే మందు సరిగ్గా చిమ్మదని, కాసేపు అరచేతిలో పట్టుకోవాలని కూడా నాకు ఆ రాత్రే తెలిసింది.

ఇంకో మాట. నీలం ఇన్‌హేలర్ బిగిసిన నాళాలను అప్పటికి వదులు చేస్తుందే గాని లోపలి వాపును తగ్గించదు. అందుకే పెద్దవాళ్లకు, కౌమారంలో ఉన్నవాళ్లకు అదొక్కటే ఇచ్చి ఊరుకోవద్దని 2019 నుంచి గ్లోబల్ ఇనీషియేటివ్ ఫర్ ఆస్తమా చెబుతోంది. ఏడాదికి మూడు డబ్బాలు, అంతకు మించి ఖర్చయితే ముప్పు పెరుగుతున్నట్టే. వాపును తగ్గించేది డాక్టరు చెప్పినట్టు మానకుండా వాడాల్సిన స్టిరాయిడ్ ఇన్‌హేలర్. ఆ పేరు వినగానే మాలాంటివాళ్లకు టెన్షన్. "అలవాటైతే వదలదట" అంటారు. నేనూ నమ్మి, వాడికి నెమ్మదించగానే మాన్పించేశాను. అది మైక్రోగ్రాముల్లో నేరుగా ఊపిరితిత్తులకు వెళ్తుందని, పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలని ఎవరైనా ఐదు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పి ఉంటే మానేవాళ్లం కాదు.

నేను అడిగేది ఇంతే. చలి మొదలయ్యే ముందు, ఉబ్బసం ఉన్న ప్రతి ఒక్కరినీ దగ్గర్లోని ఆరోగ్య కేంద్రానికి ఒకసారి పిలిపించండి. "నీ ఇన్‌హేలర్ నా ముందు వాడి చూపించు" అనండి. ఇది డాక్టరే చేయనక్కర్లేదు, నేర్పితే నర్సమ్మలు బ్రహ్మాండంగా చేస్తారు. ప్రతి ఇన్‌హేలర్‌తో పాటు స్పేసర్ ఇవ్వండి. అది దొరకని చోట అరలీటరు ప్లాస్టిక్ సీసాకు ఇన్‌హేలర్ పట్టేంత రంధ్రం చేసి, స్పేసర్‌లా పిల్లలకు వాడినా బాగానే పనిచేసిందని 1999లోనే దక్షిణాఫ్రికా డాక్టర్లు చూపించారు. ఏ గుర్తు కనిపిస్తే ఎన్నిసార్లు నొక్కాలో, ఎప్పుడు ఇంక ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తాలో ఒక కాగితం మీద రాసివ్వండి. ఫ్లూ టీకా కూడా అప్పుడే వేయొచ్చు. బడిలో ఇన్‌హేలర్‌ను ఆఫీసు గది బీరువాలో పెట్టి తాళం వేయకుండా, పిల్లాడికి వెంటనే అందేలా ఉంచమని ఆదేశం ఇవ్వండి.

చలి వచ్చాక పిలిస్తే లాభం లేదు. వాపు తగ్గించే మందు పూర్తిగా పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. కాబట్టి ఆ పిలుపు ఇప్పుడే వెళ్లాలి.

ఇట్లు,
ఒక తల్లి