రువాండా రాజధాని కిగాలిలో మన తెలుగు సంఘం: 2024 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. రిపోర్ట్ లేటయింది, ట్రెజరర్ గారు జనవరి మొదటి వారంలోనే లెక్కలు ఇచ్చేశారు, కూర్చుని రాయనిది నేనే.

ముందు పండగల సంగతి చెప్పేస్తా. సంక్రాంతి బాగా జరిగింది. ఉగాది ఏప్రిల్ 9న పడింది, అంటే సరిగ్గా 1994 మారణహోమంలో పోయినవాళ్ళ కోసం ఏటా ఏప్రిల్ 7న మొదలయ్యే సంస్మరణ వారం మధ్యలో, పైగా ఇది 30వ ఏడు. ఊరంతా పోయినవాళ్ళని తలుచుకుని ఏడుస్తుంటే మనం మైకు పెట్టి పాటలు పాడుకోవడం బాగోదు, అసలు పాడకూడదు కూడా, అందుకే ఎవరిళ్ళలో వాళ్ళం పచ్చడి తిని ఊరుకున్నాం, కల్చరల్ ప్రోగ్రామ్ మేలో పెట్టుకున్నాం. కొత్తగా వచ్చినవాళ్ళు ఒకరిద్దరు గ్రూప్‌లో "ఓ రెండు గంటలు పాడుకుంటే ఏమవుతుందండీ" అన్నారు, మన సీనియర్ మాస్టారు ఫోన్ చేసి మాట్లాడారు, మళ్ళీ ఆ మాట రాలేదు.

ఇక ఈ ఏడాది చేసిన అసలు పని, యూనివర్సిటీ పిల్లల శనివారం క్లాసులు. మనకెందుకు ఇదంతా అని ఒకాయన మీటింగ్‌లో అడిగారు కాబట్టి కొంచెం వెనక్కి వెళ్ళాలి. మనలో చాలామంది ఈ దేశం వచ్చిందే పాఠాలు చెప్పడానికి. 1963లో దక్షిణాన బుటారే ఊళ్ళో పెట్టిన నేషనల్ యూనివర్సిటీ 1994 మారణహోమంలో మూతపడింది, మాస్టార్లలో చాలామందిని చంపేశారు, కొందరు దేశం వదిలి పారిపోయారు, చంపినవాళ్ళలో కూడా మాస్టార్లూ స్టూడెంట్లూ ఉన్నారు, అది ఇంకా కష్టమైన సంగతి. 1995లో మళ్ళీ తెరిచారు సరే, చెప్పేవాళ్ళేరీ? 1997లో కిగాలిలో సైనిక పాఠశాల ఉన్న చోటే కిస్ట్ అని ఇంజనీరింగ్ కాలేజీ పెట్టారు, దానికీ బయటి దేశాల నుంచి మనుషులు కావాల్సి వచ్చింది, అలా వచ్చినవాళ్ళే మన పెద్దవాళ్ళు కొందరు. 2013లో ఏడు ప్రభుత్వ సంస్థల్ని కలిపి యూనివర్సిటీ ఆఫ్ రువాండా చేశారు, ఇప్పుడు మనవాళ్ళు పాఠాలు చెప్పేది ఎక్కువగా అందులోనే.

మాస్టారు ఆ మీటింగ్‌లో చెప్పింది ఇక్కడ రాసి పెడుతున్నా, రానివాళ్ళ కోసం. ఆయన బుటారేలో చేరిన కొత్తల్లో ఒక కుర్రాడు వచ్చి మా నాన్న హాస్పిటల్లో ఉన్నారు, లీవ్ కావాలి అన్నాడట. మాస్టారు మన పద్ధతిలో పళ్ళు కొనుక్కుని చూడ్డానికి వెళ్తే మంచం మీద ఉన్నది ఆయన క్లాసులోనే కూర్చునే థర్డ్ ఇయర్ కుర్రాడు. 1996లో ఆ క్యాంపస్‌లోనే 12 మంది స్టూడెంట్లు కలిసి ఏఈఆర్‌జీ అని ఒక సంఘం పెట్టుకున్నారు, మారణహోమంలో ఇంటివాళ్ళని పోగొట్టుకున్న పిల్లలంతా అందులో కుటుంబాలుగా కలిసి, వాళ్ళలో ఒకరిని నాన్నగా ఒకరిని అమ్మగా ఎన్నుకునేవాళ్ళు. ఫీజు కట్టారా, తిన్నారా, పరీక్షకి చదివారా అని ఆ నాన్నే చూసుకోవాలి, ఆయన వయసు ఇరవై మూడో ఇరవై నాలుగో. మాస్టారు ఇది చెప్పాక మనకెందుకు అన్నాయన ఇంకేం మాట్లాడలేదు, క్లాసులకి వైట్‌బోర్డ్ కొనిచ్చింది ఆయనే.

మొదట మనం చేసింది మాత్రం తప్పు పని. ఎవర్నీ అడక్కుండా ఇండియా నుంచి పాత పుస్తకాలు 11 కార్టన్లు తెప్పించాం. కాలేజీ లైబ్రరీ ఆవిడ చాలా మర్యాదగా అన్నీ తిరగేసి, సగం పోటీ పరీక్షల గైడ్లు, మిగతావి పాత ఎడిషన్లు, మాకు జర్నల్స్ ఆన్‌లైన్‌లో, రీసెర్చ్‌ఫర్‌లైఫ్‌లో దొరుకుతాయి, షెల్ఫుల్లో చోటు లేదండీ అని చెప్పి టీ ఇచ్చి పంపించారు. ముందే ఒక ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. రవాణాకి అయిన డబ్బు ఏడాది మొత్తం క్లాసులకి అయిన దానికంటే ఎక్కువ, లెక్కల్లో చూస్తారు ఎలాగూ.

ఏం కావాలని ఆవిడనే అడిగితే ఒక్కటే చెప్పారు, ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ రిపోర్ట్ దగ్గర పిల్లలు ఆగిపోతున్నారు, పక్కన కూర్చుని రాయించేవాళ్ళు కావాలి అని. 2008లో ప్రభుత్వం చదువుని ఫ్రెంచ్ నుంచి ఇంగ్లీష్‌కి మార్చింది. ఫ్రెంచ్‌లో చదువుకున్న టీచర్లే ఇంగ్లీష్ నేర్చుకుంటూ ఇంగ్లీష్‌లో చెప్పాల్సి వచ్చింది, ఇప్పుడు డిగ్రీలో ఉన్నవాళ్ళు ఆ టీచర్ల దగ్గర చదువుకున్నవాళ్ళే. తెలుగు మీడియంలో టెన్త్ దాకా చదివి ఇంటర్‌లో ఇంగ్లీష్ ఫిజిక్స్ పుస్తకం చూసి బిత్తరపోయినవాళ్ళు మనలో ఎంతమంది లేరు? అదే కథ.

మొదటి క్లాసులోనే మనకి బుద్ధొచ్చింది. సివిల్ ఇంజనీరింగ్ కుర్రాడు ఒకడు రిపోర్ట్‌లో "బీమ్ మీద రోడ్" అని పేజీకి నాలుగుసార్లు రాశాడు. మన సాఫ్ట్‌వేర్ తమ్ముడు ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి, బీమ్ మీద రోడ్డేంటి, ఫ్లైఓవరా అని అడిగాడు. కుర్రాడు తల దించుకున్నాడు. పక్కనున్న అమ్మాయి నవ్వి, మా భాష కిన్యార్వాండాలో ల, ర ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి, వాడు రాయాలనుకున్నది లోడ్, అంటే బీమ్ మీద పడే బరువు అని చెప్పింది. బొమ్మ గీసి నీ భాషలోనే చెప్పు అంటే పది నిమిషాలు ఆగకుండా చెప్పాడు, ఆ అమ్మాయి ఇంగ్లీష్‌లో చెబుతూ వచ్చింది, ఒక్క తప్పు లేదు. ఆ తర్వాత తనే ఆరు లైన్లు రాశాడు, రోడ్ ఒక్కసారే వచ్చింది. అప్పట్నుంచి ముందు బొమ్మ, తర్వాత నోటితో, చివర్లో రాయడం, ఎర్ర పెన్ను బంద్.

26 మంది చేరారు, చివరిదాకా ఉన్నది 14 మంది. మానేసినవాళ్ళకి మన క్లాసులు నచ్చక కాదు, బస్సు డబ్బుల్లేక, ఆ సంగతి మనకి జూన్‌లో గానీ తెలీలేదు. అప్పట్నుంచి వాళ్ళ ట్యాప్ అండ్ గో బస్సు కార్డుల్లో మనమే డబ్బులేస్తున్నాం. ఇంకో తెలివితక్కువ పని, నెలాఖరు శనివారం కూడా క్లాసు పెట్టాం, ఆ పొద్దున దేశమంతా ఉముగాండా, అంటే అందరూ కలిసి ఊరి పనులు చేసే రోజు అని తెలిసి కూడా! పిల్లలంతా కాలువలు బాగుచేస్తుంటే మనం ఖాళీ రూములో కూర్చున్నాం.

సెప్టెంబర్ 27న దేశంలో ఎబోలా లాంటి మార్బర్గ్ వైరస్ వచ్చిందని ప్రకటించారు, మొత్తం 66 మందికి సోకి 15 మంది పోయారు, సోకినవాళ్ళలో ఎక్కువమంది హాస్పిటళ్ళలో పనిచేసేవాళ్ళే. మన మెడికల్ అమ్మాయిలు ఇద్దరు చాలా భయపడ్డారు. డిసెంబర్ 20న అయిపోయిందనే దాకా క్లాసులు ఫోన్లోనే, సగం టైమ్ "వినబడుతోందా" అనడానికే పోయింది.

లెక్కలు విడిగా పంపుతున్నాం. చందా కుటుంబానికి నెలకి 5,000 ఫ్రాంకులే, పెంచలేదు. పుస్తకాల రవాణా తర్వాత ఎక్కువ ఖర్చు బస్సులకి, ఆ తర్వాత ప్రింటవుట్లకి.

వచ్చే ఏడాదికి ఎకనామిక్స్, అగ్రికల్చర్ తెలిసినవాళ్ళు ఇద్దరు కావాలి, నెలకి రెండు శనివారాలు వస్తే చాలు, ఇంగ్లీష్ గొప్పగా రానక్కర్లేదు. రూము తాళంచెవి మాస్టారి దగ్గరుంది. ఆ 11 కార్టన్లు ఇప్పటికీ మా గరాజ్‌లోనే ఉన్నాయి, పిల్లల్ని పోటీ పరీక్షలకి చదివించేవాళ్ళు ఎవరైనా వచ్చి పట్టుకెళ్ళండి, కారు బయటే తడుస్తోంది.