కూలర్ కంటే ముందు హోస్ సంగతి చూడు

ఒరేయ్ రవీ,

ఎలా ఉన్నావ్, పిల్లలెలా ఉన్నారు? వాట్సాప్‌లో పెడితే సగం చదివి థంబ్స్ అప్ కొడతావ్ అని తెలిసే ఇంత ఉత్తరం రాస్తున్నా. పాత నిస్సాన్ పాత్‌ఫైండర్ బండి కొన్నావ్, ట్రైలర్ తగిలించి అరిజోనా కొండల్లో ఫ్లాగ్‌స్టాఫ్ వెళ్దామనుకుంటున్నావ్, బానే ఉంది. కానీ ఫీనిక్స్ నుంచి అక్కడికి వెయ్యి అడుగుల ఎత్తు నుంచి ఏడువేల దాకా ఎక్కాలిరా, అదీ ఎండాకాలంలో. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ మామూలుగా ఎనభై తొంభై డిగ్రీల సెల్సియస్‌లో ఉండేది, ఆ ఘాట్‌లో బరువు లాగుతుంటే సలసలా కాగిపోతుంది.

పైగా 2005-2010 మధ్య పాత్‌ఫైండర్లకి రేడియేటర్ లోపల చిల్లు పడి ఇంజిన్ కూలెంటూ, అందులోంచే పోయే ఈ ట్రాన్స్‌మిషన్ ఆయిలూ కలిసిపోయే జబ్బు ఉందని నీకూ తెలుసు, అందుకే బయట ఈ ఆయిల్‌ని చల్లబరిచే వేరే కూలర్ పెట్టి రేడియేటర్‌ని బైపాస్ చేద్దామంటున్నావ్, మీ ఊరి వేడికి అది సరైన ఆలోచనే. కాకపోతే నువ్వు పంపిన లింకులన్నీ కూలర్లవే, ఇన్ని వరసలని అన్ని వరసలని. హోస్ గురించి ఒక్క మాట లేదు! కూలర్ ఏ కంపెనీదైనా నడిచిపోతుందిరా బాబూ, రోడ్డు మీద పరువు తీసేది ఆయిల్‌ని కూలర్‌కి మోసే ఆ రబ్బరు గొట్టమే.

షాపులో "ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కూలర్ హోస్" అనే అడుగు, ఒంటి మీద ఎస్ఏఈ జే1532 అని (ఈ హోస్‌కి ఉన్న ప్రమాణం పేరు అది) ప్రింట్ ఉందో లేదో చూడు. అది 150 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. కౌంటర్లో కుర్రాడు ఫ్యూయల్ హోస్ కూడా సేమ్ అంటాడు, వినకు, 30ఆర్7 రకం 125 డిగ్రీలకే, ప్రెషర్ కూడా 50 పీఎస్ఐ దాకానే. హీటర్ హోస్ అయితే అసలు చేత్తో కూడా ముట్టుకోకు, అది నీళ్ళకి చేసిన రబ్బరు, ఆయిల్ తగిలితే నానబెట్టిన సెనగల్లా ఉబ్బి మెత్తబడిపోతుంది.

సైజు కళ్ళతో అంచనా వెయ్యకు. కాలిపర్ పెట్టి బండి పైపు బయటి కొలత తియ్యి, 5/16 అంగుళం అంటే 8 మిల్లీమీటర్లు, 3/8 అంటే తొమ్మిదిన్నర. వదులుగా ఉన్న హోస్‌ని క్లాంప్‌తో బిగించి సరిపెట్టేద్దాం అనుకుంటావ్ చూడు, అక్కడే కారడం మొదలవుతుంది. స్టీల్ పైపు కోస్తే కోసిన చోట నున్నగా వదిలెయ్యకుండా ఫ్లేరింగ్ టూల్‌తో చిన్న ఉబ్బు తీయించు, ప్రెషర్ వచ్చినప్పుడు హోస్ జారకుండా పట్టేది అదే. క్లాంపులు కూడా లోపల నున్నగా ఉండే ఫ్యూయల్ ఇంజెక్షన్ రకం తీసుకో, ఆ గాట్లున్న మామూలు స్క్రూ క్లాంపులు రబ్బరుని కోసేస్తాయి. చవగ్గా వంగుతుంది కదా అని రాగి పైపు మాత్రం వెయ్యకు, అదురుకి గట్టిపడి పగులుతుంది, రాగి-నికెల్ పైపు అయితే ఓకే.

స్టీల్ అల్లికతో మెరిసే ఏఎన్ లైన్లు పంపావు కదా, చూడ్డానికి పెళ్ళికొడుకులా ఉంటాయి గానీ నీ బండికి అంత అవసరం లేదు, పైగా వాటి ఫిట్టింగు 37 డిగ్రీల కోణం, మామూలు ఎస్ఏఈ ఫ్లేర్ (పైపు మూతిని వెడల్పు చేసింది) 45, రెండూ కలిపితే కూర్చోదు.

హోస్ ఎగ్జాస్ట్‌కి దూరంగా, ఫ్యాన్‌కి ఇంకా దూరంగా పోనివ్వు, మడత పడేంత గట్టిగా వంచకు, రేకు అంచు తగిలే చోట పీ-క్లిప్ (గొట్టాన్ని చుట్టి పట్టుకునే క్లిప్పు) వెయ్యి. ఇంజిన్ స్టార్ట్ చేసి కిందికి ఓసారి తొంగి చూడు, ఆయిల్ లెవెల్ మళ్ళీ చూసి పొయ్యి, కూలర్‌లోకి కొంత పోతుంది కదా. కొన్నాళ్ళు తిరిగాక క్లాంపులు మళ్ళీ బిగించు. క్లాంపులు బిగించేముందు ఒక ఫొటో పంపరా, ఆ లైన్లు ఎటు నుంచి ఎటు పోతున్నాయో నేనూ చూస్తా.

నీ
సురేష్