మంత్రి గారూ, ఆ పిల్లలకు పాస్‌పోర్ట్ ఎక్కడిది?

జర్మనీలో పౌరసత్వ వ్యవహారాలు చూసే మంత్రి గారికి,

నమస్కారం. తెలుగులో రాస్తే మీకేం అర్థమవుతుందని ఎవరైనా అడగొచ్చు. జర్మన్‌లో పెట్టుకున్న అర్జీలకు వచ్చిన జవాబులు చూశాక ఏ భాషైనా ఒకటేననిపించింది.

నాజీల పాలనలో పోగొట్టుకున్న జర్మన్ పౌరసత్వాన్ని బాధితులకూ వాళ్ల సంతతికీ తిరిగిచ్చే మీ రాజ్యాంగం 116(2) అధికరణం, పౌరసత్వ చట్టం 15వ సెక్షన్ మీకు తెలిసినవే. ఫీజు కూడా తీసుకోరు, దండం. బాధల్లా దరఖాస్తుతో మీరడిగే ఆ పాత జర్మన్ పాస్‌పోర్ట్ నకలు దగ్గరే. 1938 డిసెంబరు నుంచి కిండర్‌ట్రాన్స్‌పోర్ట్ (పిల్లల్ని నాజీల నుంచి తప్పించి పంపిన) రైళ్లెక్కి బ్రిటన్ చేరిన యూదు పిల్లల్లో చాలామంది పాస్‌పోర్ట్ మీద రాలేదండీ. ఫొటో అంటించిన చిన్న గుర్తింపు కార్డు మీద వచ్చారు. పిల్ల పేరు, పుట్టిన తేదీ, ఊరు, తల్లిదండ్రుల పేర్లు, చిరునామా. వీసా అక్కర్లేదని దానిమీదే అచ్చు. అది చూపిస్తే చాలదంటారు.

సరే, జనన రిజిస్టరు తెద్దామంటే, అప్పటి జర్మన్ నగరం బ్రెస్లావ్‌లో పుట్టినవాళ్లు ఇప్పుడు పోలండ్‌కు రాయాలి. నూరేళ్లు దాటిన పుస్తకమైతే మునిసిపాలిటీలో ఉండదు, ఆర్కైవ్స్‌కు పోతుంది. దొరికాక పేరు తగాదా. 1939 జనవరి 1 నుంచి నాజీ చట్టం ప్రకారం యూదు ఆడపిల్లలకు 'సారా', మగపిల్లలకు 'ఇజ్రాయెల్' తగిలించి రిజిస్టరు అంచున రాశారు, యుద్ధం తర్వాత కొట్టేశారు. బ్రిటన్‌లో హాన్స్ కాస్తా జాన్ అయ్యాడు. హాన్స్, హాన్స్ ఇజ్రాయెల్, జాన్ ముగ్గురూ ఒకరేనని రుజువు చేయమంటారు. ఆ 'సారా' రాసిన చెయ్యి ఎవరిది, మాదా?

16 దాటినవాళ్లకు ఒక దారుంది. 1939లో బ్రిటన్ 'శత్రుదేశస్థులు' అని ట్రిబ్యునల్ ముందు నిలబెట్టింది కదా, లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లోని ఆ కార్డుల్లో జాతీయత 'జర్మన్' అని ఉంటుంది. అనుమానించడానికి జర్మన్లే, హక్కుకొచ్చేసరికి కాదు! ఏడేళ్ల పిల్లకు ఆ కార్డూ లేదు.

తల్లిదండ్రుల కాగితాలు తెమ్మంటారు. బెర్లిన్‌లో వాళ్లను నాజీ శిబిరాలకు రైలెక్కించే ముందు మీ రాజ్యమే 16 పేజీల ఆస్తుల ఫారం నింపించుకుంది. బీరువాలు, దిండు గలేబులతో సహా లెక్క. ఆ ఫైళ్లు పోట్స్‌డామ్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మీ బీరువా, మీ తాళం. వెతికే పని తొంభై ఏళ్ల ముసలమ్మకు అప్పజెప్పకుండా మీ గుమాస్తాకు చెప్పండి. పిల్లలు తెచ్చుకున్న ఆ గుర్తింపు కార్డును రుజువుగా తీసుకోండి. పేరు మార్పుకు మళ్లీ కాగితం అడక్కండి. దయచేసి అడక్కండి.

ఇట్లు,
ఈ దరఖాస్తులు నింపిపెట్టేవాళ్లం