జాతికోడి పిల్లకు టీకా ఎవరు వేస్తారు? పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. అసీల్ కోడిని మా గోదావరి వైపు జాతికోడి అంటాం. అది ప్రభుత్వానికి ఏడాదికి ఒక్కసారే గుర్తొస్తుంది. సంక్రాంతి ముందు పోలీసులు ఊరూరా తిరిగి కోడిపందేలకు బరులు వేయొద్దని హెచ్చరిస్తారు, కొందరిని బైండోవర్ చేస్తారు. ఆ మూడు రోజులూ ఏం జరుగుతుందో మీకూ తెలుసు, మాకూ తెలుసు. పందేలను 1960 నాటి జంతుహింస నివారణ చట్టం నిషేధించింది, అది అలాగే ఉండనివ్వండి. పండగ పోయాక మా పెరళ్లలో గుడ్డు పగిలి బయటికొచ్చే పిల్లల గురించి మాట్లాడేవాళ్లు లేరనే ఈ ఉత్తరం.

అసీల్ పెట్ట గుడ్లు తక్కువే పెడుతుంది, కానీ పొదగడంలో, పిల్లల్ని కాచుకోవడంలో దాన్ని మించింది లేదు. మీ శాఖ పంచే వనరాజా, గ్రామప్రియ రకాల పెట్టలు సాధారణంగా పొదగవు, పిల్లలు కావాలంటే మళ్లీ కొనుక్కోవాల్సిందే. అందుకే అసీల్ పెట్టను ఇంకొకరికి పాలుకిచ్చి పిల్లల్ని చెరిసగం పంచుకునే పద్ధతి పల్లెల్లో ఇప్పటికీ ఉంది. చేతిలో డబ్బు లేని ఆడవాళ్లకు అదే పెట్టుబడి.

పొదగేసిన 21 రోజులకు పిల్లలు దిగుతాయి, అక్కణ్నుంచి టెన్షన్ మొదలవుతుంది. అయిదో రోజుకూ ఏడో రోజుకూ మధ్య కంట్లోనో ముక్కులోనో కొక్కెర తెగులు రాకుండా లాసోటా టీకా చుక్క పడాలి. నాలుగో వారంలో మరోసారి వేయాలి. ఎనిమిదో వారంలో అదే తెగులుకు ఆర్‌టుబి టీకా సూది వేయించాలి. ఇవేవీ పడకుండా కొక్కెర తెగులు వచ్చిందంటే గంప కింద ఒక్కటి మిగిలినా గొప్పే.

మందు ఖరీదు పెద్దదేం కాదు. చిన్న సీసాలోనే 100 పిల్లలకు సరిపడా మందు ఉంటుంది. కలిపేదాకా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. పది పిల్లలున్న ఇల్లాలు మిగతా 90 చుక్కలు ఏం చేసుకుంటుంది? పక్కింటి పిల్లలు అప్పటికింకా గుడ్లలోనే ఉంటాయి. మీ శాఖవాళ్లను అడిగితే వంద పిల్లల్ని పోగేసుకుని రమ్మని మాకు జవాబొచ్చింది. రూలు ప్రకారం అది సరైన మాటే కావచ్చు, దాంతో టీకా మాత్రం పడదు.

రైతు సేవా కేంద్రాల్లో మీ పశుసంవర్ధక సహాయకులు ఉన్నారు. ప్రతి ఊరికీ నెలలో రెండు తేదీలు ఖాయం చేసి, ఆ రోజుల్లో ఒక సీసా విప్పించండి. ఆ తేదీ ముందే తెలిస్తే మిగతాది మా ఆడవాళ్లు చూసుకుంటారు. సరిగ్గా నాలుగు వారాల ముందు పెట్టను పొదగేస్తే టీకా రోజుకు పిల్లకు వారం నిండుతుంది. పది ఇళ్లవాళ్లు అలా చేస్తే సీసా ఖాళీ అవుతుంది. ఇందుకు కొత్త పథకమేమీ అక్కర్లేదు.

పథకాలంటే గుర్తొచ్చింది. జాతీయ పశుధన మిషన్‌లో నాటుకోళ్ల ఫారానికి సగం సబ్సిడీ, 25 లక్షల దాకా ఇస్తారు. కాకపోతే కనీసం వెయ్యి తల్లి కోళ్లుండాలి. నాలుగు పెట్టలున్న ఇంటికి అందులో చోటు లేదు.

ఇంకో బాధ కూడా ఉంది. ఫోన్లలో, సంతల్లో ఒక్కరోజు పిల్లల్ని ‘ఒరిజినల్ అసీల్’ అని చెప్పి నాటు పిల్లకు ఎన్నో రెట్ల ధరకు అమ్ముతున్నారు. ఒక్కరోజు పిల్లను చూసి జాతి తేల్చడం ఎవరి తరమూ కాదు. తురాయి రంపపు పళ్లలా ఒంటి వరుసలో ఉంటే అది సంకరమని చెప్పొచ్చు. మూడు వరుసల్లో అణిగి ఉన్నంత మాత్రాన స్వచ్ఛమైనదని మాత్రం చెప్పలేం, ఎందుకంటే ఆ లక్షణం సంకరంలోనూ పైకి తేలుతుంది. నూగు రంగునూ నమ్మలేం. డేగ, నెమలి అని మేం కోళ్లను రంగును బట్టి పిలుస్తాం, వీపు మీద గోధుమ చారలున్న పిల్ల వీటిలో ఏదవుతుందో ఈకలు మారేదాకా తేలదు. పుంజో పెట్టో కూడా కొన్ని వారాలు ఆగాకే మామూలు కంటికి తెలుస్తుంది. కొనేవాడు చూడాల్సింది తల్లిదండ్రుల్ని, వేసిన టీకాల్ని. అమ్మేవాడు ఈ రెండూ చూపించడు. టీకా లేని పిల్లతో పాటు తెగులూ ఇంటికొస్తుంది.

తిరుపతి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం చేత బొమ్మలతో ఒక చిన్న తెలుగు పుస్తకం రాయించండి. దొరికే సలహాలన్నీ బ్రాయిలర్ ఫారాల కోసం రాసినవే. అసీల్ పిల్లకు ఈకలు ఆలస్యంగా వస్తాయి, అందుకే తల్లి లేకపోతే బల్బు వేడి ఎక్కువ వారాలు కావాలి. ఒట్టి నూకలతో పెరగదు, మొదటి రెండు నెలలు మాంసకృత్తులున్న స్టార్టర్ దాణా పెట్టాలి. రెట్టలో రక్తం కనిపిస్తే అది కాక్సిడియోసిస్ అనే పేగుల జబ్బు కావచ్చు, పసరు మందులతో కాలం గడపకుండా డాక్టరుకు చూపించాలి. ఇక పుంజు పిల్లలు చిన్నప్పుడే కొట్లాటకు దిగుతాయి, కళ్లు పోగొట్టుకోకముందే వాటిని విడదీయాలి. పుంజు మీద లక్షలు కాసేవాళ్లకు ఇవన్నీ తెలుసు. నాలుగు పెట్టలు పెంచుకునేవాళ్లకు చెప్పే దిక్కు లేదు.

పుస్తకం రావడానికి ఏడాది పడుతుందేమో, తేదీలకు అంత సమయం అక్కర్లేదు. వచ్చే నెల టీకా తేదీలు రెండూ మా రైతు సేవా కేంద్రం గోడ మీద రాయించగలరా?

ఇట్లు,
పశ్చిమ గోదావరి జిల్లా నుంచి ఒక నాటుకోళ్ల పెంపకందారు